ఎడమవైపు లైటు

డిసెంబరు 2, సోమవారం. ఉదయం 5.40

ఎడమవైపు హెడ్‌లైట్ వెలగడం లేదు. పాలకొల్లులో ఒక షాపు అద్దంలో మా కారు కనిపిస్తే తెలిసింది. ఎప్పుడు పోయిందో నాకే తెలీదు.

ఆస్పత్రి కారిడార్‌లో కూర్చుని రాస్తున్నాను. లోపల మా అత్తయ్యకి డయాలసిస్ ఎక్కించారు. తొమ్మిదింటిదాకా నాకు ఈ కుర్చీయే. ఈ నోట్‌బుక్ ఆవిడ బరువు, తాగిన నీళ్ళు రాయడానికి కొన్నది. ముందు పేజీల్లో అవే ఉన్నాయి. నేను వెనకనుంచి మొదలుపెట్టాను. ఎవరూ చూడరు కాబట్టి చేతిరాత ఎలా ఉన్నా ఫరవాలేదు.

సోమ, బుధ, శుక్ర. మూడుంపావుకి అలారం. నాలుగు కాకముందే బయల్దేరాలి. నరసాపురం అవతల మా ఊరినుంచి భీమవరం నలభై కిలోమీటర్లు. ఈ ఐదింటి షిఫ్టు ఉండబట్టి బతికిపోయాను. పదిన్నరకి అత్తయ్యని ఇంట్లో దింపి పదకొండుకల్లా స్కూల్లో ఉండొచ్చు. వేరే షిఫ్టయితే నా సైన్సు టీచరు ఉద్యోగం వదులుకోవాల్సిందే. అసలు డయాలసిస్సే మానితే ఒంట్లో నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుందని డాక్టరుగారు మొహమాటం లేకుండా చెప్పారు. పద్నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా మానలేదు.

మా ఆయన లోకనాథ్ కాకినాడ పోర్టులో ఓడల్ని లాగే టగ్ బోటు మీద పనిచేస్తాడు. నెలకి రెండు ఆదివారాలు ఇంటికి వస్తాడు. వచ్చి నిద్రపోతాడు. కొడుకు కదా, నిద్రపోవచ్చు.

డిసెంబరు 4, బుధవారం. ఉదయం 6.05



వీరవాసరం ఇవతల గడ్డి ట్రాక్టరు ఆగి ఉంది. వెనకాల ఎర్రలైటు లేదు, ఏమీ లేదు. ఇరువైపులా చెరువులు, వాటిమీంచి పొగమంచు. దగ్గరికి వచ్చేదాకా నాకు కనపడలేదు. కారు కుడికి కోసుకుపోయి, గట్టు అంచు దాకా వెళ్ళి ఆగింది. ఎలా తప్పిందో తెలీదు. అద్దానికి గడ్డిపోచలు అంటుకున్నాయి.

అత్తయ్య కాసేపటికి, మంచినీళ్ళు తాగు అంది. ఆవిడ తాగకూడని నీళ్ళ సీసా నాకిచ్చింది.

టెక్నీషియన్ అబ్రహాముకి చెప్పాను, ఒక లైటు పోయిందయ్యా, అందుకే కనపడలేదని. పక్క మంచం పల్లంరాజుగారు అంతా విని, ఒంటి లైటుతో రావడమేంటమ్మా, ఎదురొచ్చేవాడు మోటారుసైకిలనుకుంటాడు కదా అని కోప్పడ్డారు. ఆయన నాలుగేళ్ళుగా వస్తున్నారు. అందరినీ కోప్పడే హక్కు ఆయనకి ఉంది.

డిసెంబరు 5, గురువారం

లోకనాథ్ ఫోన్లో గట్టిగా అరిచాడు. రెండు లైట్లూ వెలిగేదాకా చీకట్లో కారు తియ్యొద్దని ఒట్టు వేయించుకున్నాడు. ఒట్టు వేయడానికి తీరిక ఉంది కదా నాకు.

సాయంత్రం స్పేర్ పార్ట్స్ షాపుకి వెళ్ళాను. షాపతను రాజ్ కుమార్ అని, మా స్కూల్లోనే చదివాడు. బల్బు ఇచ్చి, మెకానిక్కులు పది దాటాక గానీ రారండి, మీరే వేసేసుకోండి, వీడియోలు బోల్డున్నాయండి అన్నాడు. గాజు మాత్రం ముట్టుకోవద్దండి అన్నాడు. ఎందుకని అడిగితే, ఏమోనండి, పెట్టెమీద రాసుంటుందండి అన్నాడు. ఎందుకో నాకు తెలిసి ఉండాలి. టెన్త్ క్లాసుకి కాంతి, ఉష్ణం చెప్పేది నేనే.

బల్బు తెచ్చి దేవుడి గూట్లో పెట్టాను. మా ఇంట్లో ఏ కొత్త వస్తువైనా ముందు అక్కడికే వెళ్తుంది, అది అత్తయ్య రూలు. ఉదయం తియ్యాలి. రాత్రి వేద్దామంటే కూర్చోవడానికి కూడా ఓపిక లేదు.

డిసెంబరు 6, శుక్రవారం. ఉదయం 5.30

వేశాను!

రెండున్నరకే లేచాను. వీడియోలో ఆ అబ్బాయి రెండు నిమిషాల్లో మార్చేశాడు. నాకు నలభై నిమిషాలు పట్టింది. బానెట్ ఎత్తి రాడ్ ఆనించాను. లైటు వెనకాల మూడు కాళ్ళ సాకెట్ ఉంటుంది, దాన్ని వెనక్కి లాగాలి. ఊరికే రాదు, అటూ ఇటూ ఊపుతూ లాగాలి. ఆ తర్వాత రబ్బరు మూత. దాని కింద సన్నటి తీగ క్లిప్పు. దాన్ని నొక్కి పక్కకి తప్పిస్తే బల్బు చేతిలోకి వస్తుంది. ఎడమవైపు బ్యాటరీ అడ్డం, చెయ్యి దూరదు. మణికట్టు దగ్గర చర్మం లేచిపోయింది. క్లిప్పు మూడుసార్లు జారింది. నాలుగోసారి నా నోట్లోంచి వచ్చిన మాట మా పిల్లలు వింటే నేనొచ్చినప్పుడు క్లాసులో ఎవరూ లేచి నిలబడరు.

అత్తయ్య నా ఫోను టార్చి పట్టుకుని పక్కనే నిలబడింది. కుడిచేత్తోనే పట్టుకోమని వందసార్లు చెప్పాను. ఎడమచెయ్యి సూదులు గుచ్చే చెయ్యి, దానిమీద బరువు పడకూడదు. ఆవిడ ప్రతి మెట్టుకీ, ఇప్పుడేం తీశావు, అదెందుకు అని అడుగుతూనే ఉంది. మా మామగారి పడవ ఇంజను విప్పినప్పుడు కూడా తనే దీపం పట్టుకునేదట. దీపం పట్టుకున్నవాళ్ళకే పని వస్తుందని మా మామగారు అనేవారట. నాకు పని రావడమే మహాప్రసాదం, నువ్వు నేర్చుకోనక్కర్లేదు అన్నాను.

స్విచ్ వేస్తే ఎదురింటి గోడమీద రెండు వెలుగులు పడ్డాయి. కాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాను. పెళ్ళయ్యాక నేను ఇంత గర్వపడిన సందర్భం గుర్తు రావడం లేదు.

డిసెంబరు 8, ఆదివారం

నిజం ఎక్కడో ఒకచోట రాయాలి.

ట్రాక్టరు లైటు లేక కనపడకపోవడం కాదు. కుడివైపు లైటు బాగానే ఉంది, ఆ వెలుగులో గడ్డిమోపు కనపడుతుంది. నేను నిద్రపోయాను. ఎంతసేపో తెలీదు. కళ్ళు తెరిచేసరికి కారు అప్పటికే పక్కకి తిరుగుతోంది.

అబ్రహాముకి అబద్ధం చెప్పాను. లోకనాథ్‌కి అబద్ధం చెప్పాను. బల్బు మార్చినందుకు స్టాఫ్ రూములో అందరూ మెచ్చుకుంటే నవ్వుతూ కూర్చున్నాను. నా వల్ల ఇద్దరం చచ్చేవాళ్ళం. ఈ మాట చెబితే లోకనాథ్ ఉద్యోగం మానెయ్యమంటాడు. మానేస్తే ఇంట్లో ఇరవైనాలుగు గంటలూ క్రియాటినిన్, పొటాషియమే. స్కూల్లో ఉన్న ఆ ఐదు గంటలే నేను దుర్గా టీచర్ని. వాటిని ఎవరికీ ఇవ్వను.

డిసెంబరు 11, బుధవారం

అల్లం ముక్క నములుతూ నడిపాను. పనిచేసింది. నోరు మండుతోంది.

డిసెంబరు 16, సోమవారం. సాయంత్రం

ఎడమవైపు లైటు మళ్ళీ పోయింది. పట్టుమని పదిరోజులు రాలేదు.

మూడున్నరకి స్విచ్ వేసి చూస్తే ఒక్కటే వెలుగు. ఒట్టు గుర్తొచ్చింది. అబ్రహాముకి ఫోన్ చేశాను. ఒంటిగంట షిఫ్టులో ఒకాయన రావట్లేదండి మేడమ్, అప్పుడు తీసుకొచ్చేయండి అన్నాడు. స్కూలుకి సెలవు మెసేజ్ పెట్టి, చీర కూడా మార్చకుండా అలాగే మంచంమీద వాలాను.

లేచేసరికి ఎనిమిదింబావు. కిటికీలోంచి ఎండ కాళ్ళమీద పడుతోంది. ఎవరో దుప్పటి కప్పారు. పద్నాలుగు నెలల తర్వాత సోమవారం ఎండ చూస్తూ లేచాను. లేవగానే నాకు కలిగిన మొదటి ఆలోచన, ఆ బల్బు రోజూ పోతే బాగుండు అని. ఆ తర్వాత సిగ్గేసింది. వరసమాత్రం అదే.

అత్తయ్య గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. టీ పెట్టనా అంది. ఆవిడ టీ పెట్టి కూడా ఏడాది దాటింది.

డిసెంబరు 17, మంగళవారం

పాడైన బల్బు పట్టుకెళ్ళి రాజ్ కుమార్‌తో దెబ్బలాడాను. డూప్లికేట్ అంటగట్టావన్నాను. అతను దాన్ని వెలుతురులో పెట్టి తిప్పి చూశాడు. గాజు ఒకచోట పొక్కులా ఉబ్బింది. ఆ పొక్కు చుట్టూ మాడిన ఎరుపు, పసుపు. మేడమ్, బల్బుకి బొట్టెట్టారేంటండి అన్నాడు. షాపులో ఇద్దరు నవ్వారు. నేను కూడా నవ్వాను, ఏం చెయ్యను.

ఇంటికొచ్చి అడిగితే అత్తయ్య దాచలేదు. కొత్తది కదా, బొట్టు లేకుండా ఎలా బయల్దేరతారంది. వాళ్ళు పడవకి కొత్త వల ఎక్కించినా, ఇంజనుకి చిన్న నట్టు మార్చినా పసుపు నూనెలో తడిపి కుంకంబొట్టు పెట్టకుండా నీళ్ళమీదకి దించరు. సరే, గాజుమీదే ఎందుకు పెట్టావంటే, మొహం అదే గదా, బొట్టు మొహాన పెడతారు గానీ వీపున పెడతారా అంది. నేను చీకట్లో, కళ్ళు మూతలు పడుతూ, అడుగున ఇనుప భాగమే పట్టుకుని జాగ్రత్తగా బిగించాను కదా, గాజుకేసి చూడనే లేదు.

పక్కన కూర్చోబెట్టి పాఠం చెప్పాను. లోపల విపరీతమైన వేడి ఉంటుంది, గాజుమీద నూనె మరక ఉంటే అక్కడ వేడి ఎక్కువై గాజు ఉబ్బుతుంది, తీగ తెగిపోతుంది. మా పిల్లల్లాగ అరగంటకి మర్చిపోకుండా తిరిగి అప్పజెప్పింది. తప్పయిపోయింది, నీకోసమే పెట్టానమ్మా అంది. రాత్రి పూట నువ్వు బండి నడుపుతుంటే భయమేస్తది నాకు అంది.

రెండు కొత్త బల్బులు తెచ్చాను. వెలుతురు ఉండగానే రెండువైపులా మార్చేశాను. ఈసారి గూట్లో పెట్టలేదు. అత్తయ్యే పక్కన నిలబడింది. క్లిప్పు జారకముందే, ఎడమకి తిప్పు అని తనే చెప్పింది.

డిసెంబరు 20, శుక్రవారం

వీరవాసరం ఎప్పుడు దాటామో గుర్తు లేదు. ఊరు మొత్తం దాటేశాను. లైట్లు రెండూ వెలుగుతున్నాయి.

డిసెంబరు 23, సోమవారం

అత్తయ్య దారంతా మాట్లాడుతూనే ఉంది. ఎప్పుడో చచ్చిపోయిన చుట్టాల కబుర్లు. మామూలుగా ఆవిడ మాటల మనిషి కాదు. విసుగొచ్చి, కాస్త పడుకోవచ్చు కదా అన్నాను. నాకు నిద్ర రాదు అంది.

హాఫ్ ఇయర్లీ పేపర్లు నూట ఎనభై ఉన్నాయి. కారిడార్‌లో దిద్దుతుంటే ఒకే పేపరుకి రెండుసార్లు మార్కులు వేశాను. రెండూ వేరువేరు.

డిసెంబరు 27, శుక్రవారం. ఉదయం 4.20

రెండు లైట్లూ లేవు. ఒకేసారి రెండూ.

అరిచాను. ఇన్నాళ్ళలో ఎప్పుడూ అలా అరవలేదు. మళ్ళీ బొట్టు పెట్టావు కదూ, చెప్పిందంతా ఏమైంది, నీ ప్రాణంకోసం నేను చస్తుంటే నువ్వు బొట్లు పెడుతూ కూర్చుంటావా అన్నాను. ఆవిడ తలొంచుకుంది. ఔను, పెట్టాను, నువ్వు చేతులు కడుక్కోడానికెళ్ళినప్పుడు పెట్టాను అంది.

అబ్రహాము ఇవాళ ఒక మిషన్ చెడిపోయింది, ఏ షిఫ్టులోనూ ఖాళీ లేదన్నాడు. రేపు ఉదయం తొమ్మిదింటికి ఒకటి ఇప్పిస్తానన్నాడు. ఈ పూటకి ఉప్పు, నీళ్ళు బాగా తగ్గించమన్నాడు.

పడుకుంటాను. కోపంగా ఉన్నా నిద్ర వచ్చేస్తోంది.

డిసెంబరు 28, శనివారం. మధ్యాహ్నం

తెల్లారుజామున పిల్లికూతల చప్పుడుకి మెలకువ వచ్చింది. అత్తయ్య మంచంమీద కూర్చుని ముందుకి వంగి ఊపిరికోసం పెనుగులాడుతోంది. పెదాలు నల్లబడ్డాయి. 108 వచ్చేలోపు నాకు దేవుళ్ళు ఎవరూ గుర్తు రాలేదు. నిన్నటి నా మాటలే గుర్తొచ్చాయి.

ఆక్సిజన్ పెట్టారు. వెంటనే మిషన్ ఎక్కించారు. ఇప్పుడు ఫరవాలేదంటున్నారు. రెండున్నర కిలోల నీరు తీశారు.

సూదులు గుచ్చేటప్పుడు అబ్రహాము నన్ను పిలిచాడు. ఎడమచేతికి మోచెయ్యి కింద పెద్ద నలుపు మచ్చ, వాపు. ఏదైనా బరువెత్తారా అమ్మా అని అడిగాడు. తలుపు కొట్టుకుందయ్యా అంది అత్తయ్య. ఇంకొంచెం పైన తగిలుంటే ఈ చెయ్యి పనికిరాకుండా పోయేదండి మేడమ్ అని నన్ను పక్కకి తీసుకెళ్ళి చెప్పాడు.

డిసెంబరు 29, ఆదివారం

నిన్న రాత్రి అత్తయ్యని ఇంటికి పంపేశారు. లైట్లు బాగుచేద్దామని బానెట్ ఎత్తాను. రేపు సోమవారం కదా.

ఎడమవైపు సాకెట్ బల్బుకి తగిలించి లేదు. ఊడి కిందకి వేలాడుతోంది. కుడివైపు కూడా అంతే. బల్బులు తీసి చూశాను. గాజు శుభ్రంగా ఉంది. చుక్క మరక లేదు. సాకెట్లు తగిలించి స్విచ్ వేస్తే రెండూ వెలిగాయి.

ఊరికే ఊడిపోవు అవి. అటూ ఇటూ ఊపుతూ లాగాలి.

బానెట్‌కేసి చూశాను. ఆవిడ ఎత్తింది. అరవైఎనిమిదేళ్ళ మనిషి, చీకట్లో, గోడకి మేకున ఉన్న తాళం తీసి, లోపలి లివర్ లాగి, ఆ బరువు ఎత్తింది. ఒక చేత్తో రాడ్ ఆనించాలంటే రెండో చెయ్యి పట్టాలి. ఎడమచెయ్యి పట్టింది. చెయ్యని తప్పు ఒప్పుకుని నాచేత తిట్లు తింది.

వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాను. సాకెట్లు చూశానన్నాను. గోడకేసి చూస్తూ చెప్పింది. నెమ్మదిగా, మధ్యమధ్య ఊపిరి తీసుకుంటూ.

ట్రాక్టరు రోజున నీ మొహం కేసే చూస్తన్నాను అంది. కళ్ళు మూసుకుపోయినాయి, తల వాలిపోయింది, పిలిస్తే ఉలిక్కిపడి ఎటు తిప్పేస్తావోనని పిలవలేదు, నేనే పక్కనుంచి స్టీరింగు కుడికి తోసేశాను అంది. వాళ్ళ పడవమీద చుక్కాని పట్టినవాడు తూగితే ఎవరూ అరవరట. అరిస్తే నీళ్ళలో పడతాడు. ముందు ఇంజను ఆపుతారట. తర్వాత దుప్పటి కప్పుతారట.

అప్పట్నించీ కబుర్లు చెప్పి చూశాను, నువ్వు విసుక్కున్నావు అంది. నీకు చెబితే పడుకోవు, లైటుంటే బయల్దేరతావు, లైటు లేని రోజున ఎంత నిద్రపోయావో చూశాను గదా అంది. ఒక్కరోజు ఆగితే నాకేమవుద్దిలే అనుకున్నాను, ఇంతలా అవుద్దనుకోలేదు అంది. తప్పు తనదేనన్నట్టు అంది.

నేను ఏడ్చాను. ఆవిడ ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను, వాచిన చెయ్యికి తగలకుండా. ఆవిడంటే నాకు ఇంత ప్రేమ ఉందని నాకు తెలీదు. ఇన్నాళ్ళూ డ్యూటీ అనుకున్నాను.

డిసెంబరు 30, సోమవారం. సాయంత్రం

మంచులో వెళ్ళలేదు. అబ్రహాముకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ ఒంటిగంట షిఫ్టులో మంచం ఉందండి, మీరే కదండీ ఐదింటికే కావాలన్నారు అన్నాడు. ఎప్పట్నించి ఉందని అడిగాను. రెండు వారాలనుంచి అట. నేను అడగలేదు. అడిగితే ఇస్తారని తెలుసు కాబట్టే అడగలేదు.

జనవరి 2, గురువారం

స్కూలుకి రాజీనామా ఇచ్చాను. హెడ్‌మిస్ట్రెస్‌గారు జూన్‌లో మధ్యాహ్నం క్లాసులు ఏవైనా చూద్దామన్నారు, మంగళ, గురు, శనివారాలు. చూద్దాం అంటే చూడరని నాకు తెలుసు. ఎయిత్ క్లాసు పిల్లలు గ్రీటింగ్ కార్డు ఇచ్చారు. బాధగా ఉంది. ఏదో త్యాగం చేసిన గొప్పదనమేమీ లేదు, ఉత్త బాధే. చాక్‌పీసు డబ్బా ఇంటికి తెచ్చేసుకున్నాను, ఎందుకో తెలీదు.

జనవరి 5, ఆదివారం

లోకనాథ్ ఈ వారం రాలేదు. ఫోన్ చేసి, బల్బు పోతే ఉద్యోగం మానేస్తారా ఎవరైనా అని నవ్వాడు. చెప్పేశాను. లైటు కాదు, నేను నిద్రపోయాను, నీ అమ్మని చంపేసేదాన్ని అన్నాను.

అమ్మకివ్వు అన్నాడు. ఇచ్చాను.

నిద్రేంటిరా, నేను పక్కనే ఉన్నాను కదా, లైటే పోయింది అంది అత్తయ్య. నాకేసి చూడకుండా అంది.